పైడమ్మ తెప్పకి పట్టని తొడుగు

సోమవారం

స్క్రిప్టుల మీద చెయ్యి వేసినవాళ్ళు ఆ రోజు ఏం చేశారో రాసి పెట్టాలని సుగుణగారు చెప్పారు. ఆవిడ మా బిల్డ్ గదికి పెద్ద. నేను వరహాలుని, ఆ గదిలో రెండో మనిషిని. మూడో మనిషి లేరు. కాబట్టి ఇదంతా ఎవరు చదువుతారో నాకు తెలీదు.

మా తెప్పలూరులో ప్రతి తెప్ప కిందా నీటి తొట్లున్నాయి. తెప్ప మీద బరువు ఏ పక్కకి పెరిగితే ఆ పక్క తొట్టిలో నీళ్ళు తోడెయ్యాలి, లేకపోతే తెప్ప ఒరుగుతుంది. బరువు రోజుకో రకంగా ఉంటుంది. తడి నాచు ఎండిపోతుంది, చుట్టాలు దిగుతారు, ఎవరో పెళ్ళికని బియ్యం బస్తాలు తెచ్చి వసారాలో పేరుస్తారు. అందుకే తెల్లారగానే ఆ పూట బరువులు చూసి, ఒక్కో తెప్ప పంపుకీ కొత్త ప్రోగ్రాం తయారు చేసి అందిస్తాం. దాన్నే బిల్డ్ అంటాం. పెద్దవాళ్ళు ‘పొద్దుటి మందు’ అంటారు.

గొడవ ఏమిటంటే, ఈ పనుల్ని వరసగా చేయించే ఆదేశాల పట్టీ, అదే స్క్రిప్టు, ఏ తెప్పది ఆ తెప్పదే. పంపు పక్కనున్న పెట్టెలో ఉంటుంది. బరువులు తెచ్చుకో, లెక్క కట్టు, ప్రోగ్రాం తయారు చెయ్యి, పంపుకి అందించు, అందిందో లేదో అడుగు. అన్నిట్లోనూ ఇదే తంతు, కానీ ఒక్కొక్కటి ఒక్కొక్కరు రాశారు. ఒకదాంట్లో ఊరికే కాసేపు ఆగమని ఉంది. ఎప్పుడో తుపానులో ఎవరో పెట్టారట, తియ్యడానికి అందరికీ భయం.

“ఇదంతా ఒక్కచోట రాసెయ్యి వరహాలూ,” అన్నారు సుగుణగారు. “తొడుగులాగ. ఏ తెప్ప వాళ్ళయినా తమ పేరు చెప్పి దాన్ని వాడుకోవాలి, అంతే.”

“అన్నిటికీ ఒకే తొడుగు పడుతుందంటారా?”

“పని ఒకటే కదా. మారేది పేరే.”

నిజమే అనిపించింది.

గురువారం

తొడుగు అయింది. ఇది మా గదిలో ఉంటుంది. తెప్ప మీది పెట్టె తన పేరు చెప్పి అడుగుతుంది. తొడుగు ఆ పెట్టె ద్వారానే ఆ తెప్ప బరువు తూచే కాటాల నుంచి లెక్కలు తెప్పించుకుని, మిగతా పనంతా చేసి, ఆ పంపుకి ప్రోగ్రాం అందించి, మా గోడ మీద ఆ పేరు పక్కన పచ్చదీపం వెలిగిస్తుంది. ఒక తెప్ప వాళ్ళు తెలీక రెండుసార్లు అడిగితే రెండోసారి పని చెయ్యదు, ‘అయిపోయింది’ అంటుంది. ఆ ఉపాయం నాదే. మొగుడు ఒకసారి, పెళ్ళాం ఒకసారి మీట నొక్కే ఇళ్ళు చాలా ఉన్నాయి, కరెంటు దండగ.

పాత స్క్రిప్టులు తీసేసి, తమ తెప్ప పేరుతో ఒక్క లైను రాసుకోమని అందరికీ కబురు పెట్టాం. రాసుకున్నారు.

సోమవారం

ఇదివరకు బిల్డ్ అయ్యేసరికి ఎండెక్కేది. ఇవాళ సుగుణగారు ఫ్లాస్కు మూత తీసి, టీ పోసుకుని తాగేలోపు గోడంతా పచ్చబడిపోయింది. ఆవిడ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

“ఇప్పుడు మనం పొద్దున్నంతా ఏం చెయ్యాలి?” అన్నారు.

కిటికీలు తుడిచాం.

మంగళవారం

కొండమ్మ మనిషిని పంపింది. తన తెప్ప ఒరిగిందట.

కొండమ్మ, నూకరత్నం అక్కాచెల్లెళ్ళు. నాచు వండి జిగురు తీస్తారు. ఊరందరి జావల్లోకీ, మాత్రల్లోకీ, మా వైర్ల మీద పూతకీ ఆ జిగురే. వాళ్ళమ్మ పైడమ్మ ఉన్నన్నాళ్ళూ ఒకే తెప్ప. ఆవిడ పోయాక మాటామాటా పెరిగి, తెప్పని రంపంతో నిలువునా కోయించుకున్నారు. పెద్దావిడ నూకరత్నానికి లంగరున్న సగం వచ్చింది. కొండమ్మ సగాన్ని దానికి మోకులతో కట్టి, మధ్యలో ఒక బల్ల వేశారు. ఆ బల్ల మీద నడిచే మనిషి ఎవరూ లేరు.

గోడ చూశాను. పైడమ్మ తెప్ప, పచ్చ. సరేనని వెళ్ళాను. నిజంగానే ఒరిగింది. చూద్దామని నేను కింద పెట్టిన చెంబు నా కాళ్ళ దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది.

“పచ్చగానే ఉందమ్మా,” అన్నాను.

“ఏటి పచ్చ?” అంది కొండమ్మ.

“మా గోడ మీద దీపం.”

“అయితే మీ గోడ మీదే కాపరముంతాను. తెప్ప సూడు బాబూ, గోడ కాదు.”

పెట్టె తెరిచి చేత్తో మీట నొక్కాను. ‘అయిపోయింది’ అంది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. అయిపోతే తెప్ప ఎందుకు ఒరిగింది? పంపు పాడయిందేమోనని విప్పి చూశాను. లోపల ఇసుక రేణువు కూడా లేదు. తిరిగి బిగించి వచ్చేశాను. ఆవిడ నా వెనకాల ఏదో అంది, వినలేదు.

బుధవారం

కొండమ్మ తెప్ప ఇవాళ తిన్నగా ఉంది. నేనేం చెయ్యలేదు. విప్పి బిగించడంతో సర్దుకుందేమో అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

అంతలో నూకరత్నం మా గది గుమ్మంలో నిలబడింది. కొంగు బొడ్లో దోపి ఉంది.

“నా తెప్ప ఒరిగిపోనాది. అది గొట్టం ఏసి నా తొట్టిలో నీళ్ళు లాగేత్తంది.”

“ఎవరు నూకరత్నమ్మా?”

“ఎవరేటి? నా సెల్లి!”

గోడ చూశాను. పచ్చ. ఆవిడతో వెళ్ళి రెండు తెప్పల కిందా తడిమి చూశాను. గొట్టం లేదు, చిల్లు లేదు. ఛాతీ దాకా తడిసి పైకొస్తే ఒక తెప్ప అంచున అక్క, ఇంకో తెప్ప అంచున చెల్లెలు.

“దొరికిందా గొట్టం?” అంది నూకరత్నం.

“గొట్టం నానెందుకేత్తాను? నిన్న నాదొరిగితే నువ్వు నవ్వలేదా?” అంది కొండమ్మ.

“నవ్వినాను. అయితే?”

అంతకంటే నేనక్కడ చేసేదేం కనపడలేదు.

శుక్రవారం

నిన్న పెద్దావిడది తిన్నగా, చిన్నావిడది వంకరగా. ఇవాళ తిరగబడింది. మిగతా ఊరంతా సర్దిన పళ్ళెంలా ఉంది.

గదిలో ఒక బొమ్మ తెప్ప కట్టి ‘పరీక్ష’ అని పేరు పెట్టి తొడుగు నడిపాను. చక్కగా నడిచింది. బరువులు మార్చి చూశాను, ఒక కాటా పీకేసి చూశాను. కాటా పీకినప్పుడు ఎర్రదీపం వెలిగింది, వెలగాల్సిందే. తొడుగులో ప్రతి లైనూ పైకి చదివాను. సుగుణగారు వింటూ కూర్చున్నారు. చివరికి, “బానే ఉంది కదా,” అన్నారు.

“బానే ఉందండి.”

“మరి?”

“అదే నాకూ అర్థం కావట్లేదు.”

ఆవిడ గొంతు తగ్గించి, “ఆ ఇద్దరూ కావాలని ఏదైనా చేస్తున్నారంటావా?” అన్నారు. నాకూ ఆ అనుమానం ఉంది. నిజం చెప్పాలంటే, తొడుగులో తప్పుందనుకోవడం కంటే వాళ్ళలో తప్పుందనుకోవడమే తేలికగా ఉంది. కానీ ఒకరి తెప్పని రాత్రికి రాత్రి ఒరగదొయ్యడం ఎలా సాధ్యం? అదీ పొద్దుటి బిల్డ్‌తోనే తిన్నగా అవుతోంది, పొద్దుటి బిల్డ్‌తోనే వంగుతోంది.

సోమవారం

చెడ్డ రోజు. ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న కొండమ్మ తెప్ప ఒరిగే ఉంది, అప్పటికి వరసగా రెండో రోజు. అయినా పొయ్యి వెలిగించింది. ఊరికి జిగురు కావాలి, ఆవిడకి పని కావాలి. ఉడుకుతున్న గంగాళం పొయ్యి మీంచి జారింది. కుడికాలు మోకాలి దాకా కాలింది. పక్క తెప్ప వాళ్ళు పరిగెత్తుకొచ్చి చల్లనీళ్ళు పోసి, గుడ్డ చుట్టారు. అప్పుడు నూకరత్నం తన తెప్ప అంచున నిలబడి చూస్తోందట. రాలేదట. రావడానికి భయపడ్డానని ఆవిడ తర్వాత నాతో అంది. కొండమ్మకి మాత్రం చూస్తూ నిలబడ్డ అక్కే కనపడింది.

మధ్యాహ్నం కొండమ్మ గొడ్డలి తీసింది. ఆ కాలితోనే నడిచొచ్చి, మధ్యలో ఉన్న బల్లని రెండు ముక్కలు చేసి, మోకులు నరికేసింది. అవతలి పక్క పొరుగు తెప్పకి ఇంకో మోకు ఉంది, అది ఆపుతుందనుకుంది. ఒరిగిన తెప్ప బరువంతా ఒక్క పక్కనే పడేసరికి అదీ తెగింది. లంగరు అక్క దగ్గర ఉండిపోయింది. సముద్రం ఆటు తీసి నీళ్ళు వెనక్కి లాగే వేళ. తెప్ప మెల్లిగా ఊరంతా తేలే మా మడుగు దాటి, అలలున్న నీళ్ళలోకి జారింది.

కేకలు విని నేను, పెట్టెల జవాబులు కనిపించే నా పలక చంకలో పెట్టుకుని పరిగెత్తాను. నూకరత్నం అప్పటికే తన పడవలో ఉంది.

“ఎక్కు!” అంది. ఎక్కాను. ఆవిడ తెడ్డేస్తుంటే నేను మోకు చుట్ట విప్పాను. దారి పొడుగునా ఆవిడ చెల్లెల్ని తిడుతూనే ఉంది. తిట్టూ తెడ్డూ ఒకే ఊపులో పడుతున్నాయి.

చేరేసరికి తెప్ప పల్లపు అంచు మీంచి అల ఎక్కి దిగుతోంది. కొండమ్మ ఎగువ అంచున మోకులు కట్టే గుంజ పట్టుకుని కూర్చుంది. నూకరత్నం మోకు విసిరింది. కొండమ్మ పట్టుకోలేదు. కాలు చాపుకుని అలా చూస్తూ ఉండిపోయింది.

“కట్టవే!”

“నీ తాడు నాకొద్దు.”

నేనే దూకి కట్టాను. కానీ అంత ఒరిగినదాన్ని లాగితే తిరగబడుతుంది. ముందు తిన్నగా చెయ్యాలి. పాక్కుంటూ పంపు దగ్గరికెళ్ళి మూత తెరిచాను. దానికి చివరగా ప్రోగ్రాం అందింది శనివారం. ఇవాళ్టిది అందలేదు, నిన్నటిదీ అందలేదు. మీట నొక్కాను. పలక మీద వచ్చింది: ‘పైడమ్మ తెప్ప. అయిపోయింది.’

“అవలేదే!” అని పలక మీద అరిచాను. దాంతో గొడవ పెట్టుకుంటే ఏం లాభం? కళ్ళెదుట పంపు ఖాళీగా ఉంది, చేతిలో పలక అయిపోయిందంటోంది. నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీదు.

అప్పుడు ఆ మొదటి మాట చూశాను.

“కొండమ్మా, నీ తెప్ప పేరేంటి?”

“తెల్దేటి? మా యమ్మ పేరు. పైడమ్మ తెప్ప.”

పడవలోకి తిరిగాను. “నూకరత్నమ్మా, మరి నీది?”

“పైడమ్మ తెప్ప. అసలుది నాదే. అది పేరు దొంగిలించినాది.”

“ఎవుర్తే దొంగ? ఆఖర్న అమ్మ మంచం కాడ కూకున్నది ఎవుర్తి?”

ఊళ్ళో అందరం నూకరత్నం తెప్ప, కొండమ్మ తెప్ప అనే అంటాం. తొడుగుకి ఆ సంగతి తెలీదు. దానికి పేరు తప్ప వేరే గుర్తు నేనివ్వలేదు. తెల్లారి ఎవరి పెట్టె ముందు అడిగితే వాళ్ళకి పని చేసేది. రెండోది అడిగేసరికి, ఈ పేరుది అయిపోయింది కదా అనేది. పచ్చదీపం కూడా ఒకటే. రెండిట్లో ఏ తెప్ప ఒరిగినా నేను చూసింది ఆ ఒక్క దీపాన్నే.

పెట్టెలో ఉన్నది ఒక్క లైను. పేరు చెరిపేశాను. ఇంకేం పెట్టాలో ఆలోచించే తీరిక లేదు, ఎదురుగా ఉన్న మనిషి పేరు రాశాను. ‘కొండమ్మ తెప్ప.’ మీట నొక్కాను.

ఈసారి తొడుగు అయిపోయిందనలేదు. బరువులడిగింది. పంపు రెండుసార్లు దగ్గి అందుకుంది. పల్లపు పక్క నుంచి నీళ్ళు ఉమ్మడం మొదలెట్టింది. తెప్ప తిన్నబడుతుంటే అటు జారిపోయిన గంగాళం వెనక్కి దొర్లి వచ్చి ఆగింది.

నూకరత్నం లాగింది. మిగతా పడవలూ వచ్చాయి. తెప్పని తెచ్చి మళ్ళీ దాని పాత చోటే కట్టాం. కొండమ్మని వైద్యశాల తెప్పకి మోసుకెళ్ళారు.

మంగళవారం

సుగుణగారికి చెప్పాను. ఆవిడ గోడ వైపు చూసి, “మారేది పేరే అన్నాను కదూ నేను,” అన్నారు. తర్వాత ఇద్దరం కూర్చుని తొడుగు తిరగరాశాం. ఇకనుంచి పేరు మనుషుల కోసమే. తొడుగుకి గుర్తు పంపు మీద కొట్టి ఉన్న నంబరు. పని చెయ్యకుండా వదిలేసినప్పుడు పచ్చదీపం వెలగదు. పసుపుపచ్చ వెలుగుతుంది, అంతకుముందే ఎవరి తరఫున ఎప్పుడు చేసేసిందో చెబుతుంది.

“ఇప్పుడు సరిపోయిందంటావా?” అన్నారు సుగుణగారు.

“సరిపోయిందనే అనుకుంటున్నానండి.”

“శుక్రవారం కూడా అలాగే అనుకున్నాం.”

అవును. ఆ మాటే నన్ను వదలడం లేదు. ఒకేలా కనపడేవాటి మీద ఒకే తొడుగు వేస్తే పని తగ్గుతుందని నేర్చుకున్నాను, నిజంగానే తగ్గింది. కానీ అవి ఒకేలా ఉన్నాయో, నాకు అలా కనపడ్డాయో ఎలా తెలుసుకోవాలి? పాత స్క్రిప్టులు చెత్తగా ఉండేవి, నిజమే. అవి ఒకదాని సంగతి ఒకటి పట్టించుకునేవి కావు. అందుకే ఇన్నాళ్ళూ ఇద్దరూ ఒకే పేరుతో బతకగలిగారు. రాయకుండా ఉండాల్సిందా? రాసినందుకే ఇది బయటపడిందా? తేల్చుకోలేకపోయాను.

గురువారం

వైద్యశాలకి వెళ్ళాను. కొండమ్మ కాలు తగ్గుతుందట, మచ్చ మాత్రం ఉండిపోతుంది.

తప్పు తొడుగుదని, రాసింది నేనని చెప్పాను. గొట్టం లేదు, దొంగతనం లేదు, మీ అక్క ఏం చెయ్యలేదు అన్నాను. ఆవిడ తిడుతుందనుకున్నాను. అందుకని ఆగకుండా చెప్పుకుపోయాను.

“ఇప్పుడు నంబరుతో నడుస్తుందమ్మా. మీ అమ్మ పేరే మళ్ళీ పెట్టుకోవచ్చు. ఇద్దరూ పెట్టుకున్నా ఫరవాలేదు.”

“ఇప్పుడేటుంది దాంట్లో?”

“కొండమ్మ తెప్ప అని ఉంది. ఆ కంగారులో రాశాను. మార్చేస్తాను.”

ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. వెళ్ళిపొమ్మందేమో అనుకుని లేచాను.

“ఉంచు,” అంది. “పైడమ్మ కూతురు, నూకరత్నం సెల్లి. ఇదేగా ఎప్పుడూ. నా పేరెట్టిన వస్తువు ఊళ్ళో ఒక్కటీ లేదు. ఉంచు.”

ఆదివారం

ఇవాళ సెలవు. అయినా నూకరత్నం గదికొచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“అది పేరొదిలేసినాదంట?”

“అవునమ్మా. ఇప్పుడు పైడమ్మ తెప్ప నీ ఒక్కదానిదే.”

సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడింది, చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు.

“దెబ్బలాడకుండా ఒదిలేసిందా?”

“ఏమనలేదు.”

“మరి నానేటి సెయ్యాలి?” అంది. ఆ ప్రశ్న నన్నే అడిగిందో, ఇంకెవర్నైనా అడిగిందో తెలీలేదు. స్క్రిప్టుల గురించైతే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆవిడే నీళ్ళవైపు చూస్తూ అంది: “నిన్న దాన్ని ఇంటికి తెచ్చినారు. కుంటుకుంటూ నాచు ఆరబెడతాంది. బల్ల ఇరగ్గొట్టీసినాది కదా. కొత్త బల్ల ఒక్కదాన్నీ మొయ్యలేను.”

ఇద్దరం చెరో కొస పట్టుకుని తీసుకెళ్ళాం. పచ్చి చెక్క, బరువుగా ఉంది. నూకరత్నం తెప్ప అంచుకి చేరి ఆగాం. అవతల కొండమ్మ చాపల మీద నాచు పరుస్తోంది. తలెత్తి మమ్మల్ని చూసింది, బల్లని చూసింది. రమ్మనలేదు, వద్దనలేదు. బల్ల నా భుజం కోస్తోంది. దించుదామా, వెనక్కి తీసుకెళ్దామా, నాకేం తోచలేదు.

కొండమ్మ వంగి, కాలు పక్కకి చాపుకుని, అంచున ఉన్న చాపని రెండు చేతులా లోపలికి లాక్కుంది. బల్ల ఆనేంత చోటు ఖాళీ అయింది. తర్వాత మావైపు చూడకుండా, ఉన్న చోటనే మళ్ళీ నాచు పరచడం మొదలెట్టింది.

బల్ల వేశాం.